కరోనా ఒకసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదా?

రోగికి తోడుగా వచ్చిన కుటుంబ సభ్యులకు,

వార్డులోకి వచ్చేముందు మాస్కు పెట్టుకోమని చెప్పినప్పుడు మీలో చాలామంది అనే మాట ఒకటుంది. "మాకు కరోనా ఎప్పుడో వచ్చి పోయిందిలే సిస్టర్ గారూ, ఇంక మాకేం కాదు." కుంకలగుంట నుంచి వచ్చినవారూ ఇదే అంటారు, చేజర్ల నుంచి వచ్చినవారూ ఇదే అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం నిజం కాదు, దానివల్ల మీకంటే మంచం మీద ఉన్న మీ మనిషికే ఎక్కువ ప్రమాదం. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను. రోగి నిద్రపోతున్నప్పుడు తీరిగ్గా చదవండి.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. 2022 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారంలో, నకరికల్లు దగ్గర పల్లె నుంచి ఒక కోడలు తన అత్తగారికి తోడుగా వచ్చింది. అత్తగారికి షుగరు, కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. కోడలికి 2020లో కరోనా వచ్చి తగ్గింది, 2021లో టీకా రెండు డోసులూ అయ్యాయి. ఆ రోజు ఆమెకు కాస్త ముక్కు కారుతోంది, గొంతు గరగరగా ఉంది. నాతో చెప్పింది కూడా. "నీకు వచ్చి పోయింది గదమ్మా, టీకాలు కూడా వేయించుకున్నావు, మంచు గాలికి పట్టిన జలుబు అయ్యుంటుంది" అన్నాను. అలా అన్నది నేనే, ఇంకెవరో కాదు. నాలుగో రోజుకు అత్తగారికి ఆయాసం మొదలైంది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. దేవుని దయ వల్ల కోలుకుని ఇంటికి వెళ్ళారు. వెళ్ళేరోజు ఆ కోడలు నన్ను ఒక ప్రశ్న అడిగింది. "నాకు జలుబే గదా సిస్టర్ గారూ, అత్తమ్మకు అంత ఎందుకైంది? అసలు నాకు రెండోసారి ఎందుకొచ్చింది?" ఆ రెండు ప్రశ్నలకు జవాబే ఈ వ్యాసం.

ఆటలమ్మ లెక్క వేరు, కరోనా లెక్క వేరు

ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని మన పెద్దలు అనుభవం మీద చెప్పారు. చాలావరకు అది సరైన మాటే. (ఆటలమ్మ క్రిమి ఒంట్లోనే నరాలలో దాగి ఉండి, వయసు మళ్ళాక సర్పిగా బయటపడవచ్చు. అది బయట నుంచి కొత్తగా వచ్చినది కాదు.) తట్టు కూడా అంతే. 1846లో ఫారో దీవులలో తట్టు వ్యాపించినప్పుడు పీటర్ పానుమ్ అనే డెన్మార్కు దేశపు యువ డాక్టరు అక్కడికి వెళ్ళి పరిశీలించాడు. అంతకు 65 సంవత్సరాల ముందు, 1781లో, అక్కడ ఒకసారి తట్టు వచ్చింది. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి తట్టు పోసిన ముసలివారిలో ఆయన చూసిన ఒక్కరికి కూడా మళ్ళీ రాలేదు.

ఇక జలుబు సంగతి చూడండి. ఏటా వస్తుంది. మనుషులకు జలుబు తెచ్చే క్రిములలో నాలుగు రకాలు కరోనా కుటుంబానికి చెందినవే. మన తాతల కాలం నుంచీ అవి మనతోనే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిమంది మగవారి రక్తాన్ని 1980ల నుంచి 35 సంవత్సరాలపాటు అప్పుడప్పుడు తీసి దాచారు. 2020లో ఆ నమూనాలను పరీక్షిస్తే, ఈ జలుబు కరోనాలు ఒకసారి వచ్చి తగ్గిన సుమారు 12 నెలలకే అదే రకం మళ్ళీ రావడం తరచుగా కనిపించింది. కోవిడ్-19 క్రిమి కూడా ఈ కుటుంబంలోదే. ఆటలమ్మను చూసి మనం కరోనాకు లెక్క కట్టాం. అక్కడే పొరపాటు జరిగింది.

ఒంట్లో కాపలా ఎలా ఉంటుంది?

వ్యాధి నిరోధక శక్తి అంటే ఒకే వస్తువు కాదు. మన పల్నాటివారికి మిరప కల్లం గురించి చెప్పనక్కరలేదు. కాయలు కల్లంలో ఎండబోసినప్పుడు ఇంటి మగవారు అక్కడే మంచాలు వేసుకుని రాత్రిళ్ళు కాపలా పడుకుంటారు. దొంగ వస్తే కల్లంలో అడుగు పెట్టకముందే పట్టుకుంటారు. కాయలు యార్డుకు తోలాక అంతమంది అక్కడ ఉండరు. ఇళ్ళకు పోయి పడుకుంటారు. కానీ వారిలో కొందరికి దొంగ ముఖం గుర్తుంటుంది. మళ్ళీ కేక వినపడితే లేచి వస్తారు. కాకపోతే లేచి, కర్ర తీసుకుని, కల్లం దాకా రావడానికి కొంత సమయం పడుతుంది.

కల్లంలో మంచం వేసుకున్న కాపలావారే యాంటీబాడీలు. కరోనా తగ్గిన కొత్తలో ఇవి రక్తంలోనూ, కొంతమేరకు ముక్కు, గొంతు పొరలలోనూ ఎక్కువగా ఉంటాయి. ఒక్కొక్క యాంటీబాడీ శాశ్వతంగా ఉండదు. రక్తంలో ఉండే ముఖ్యమైన రకం సుమారు 3 వారాలలో సగానికి తగ్గిపోతుంది. వాటిని తయారు చేసే కణాలలో చాలావాటికి ఆయుష్షు తక్కువ. అందుకే మొదటి కొన్ని నెలల్లో యాంటీబాడీలు వేగంగా పడిపోతాయి, ఆ తరువాత నెమ్మదిగా తగ్గుతాయి. పూర్తిగా సున్నా కావు. ఎందుకంటే కొన్ని కణాలు ఎముక మజ్జలో స్థిరపడి కొద్దికొద్దిగా తయారు చేస్తూనే ఉంటాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో కరోనా తగ్గిన 19 మంది ఎముక మజ్జ తీసి చూస్తే, సుమారు 7 నెలల తరువాత 15 మందిలో అలాంటి కణాలు కనిపించాయి. 2021లో ఆ వివరాలు వెలువడ్డాయి.

ఇంటి దగ్గర పడుకుని, దొంగ ముఖం గుర్తుపెట్టుకున్నవారు జ్ఞాపక కణాలు. వీటిలో రెండు ముఖ్యమైన జాతులు. బి కణాలు మళ్ళీ యాంటీబాడీలు తయారు చేస్తాయి. టి కణాలు క్రిమి సోకిన మన కణాలను వెతికి చంపుతాయి. అమెరికాలోనే లా జొల్లా అనే చోట 188 మంది రక్తాన్ని పరీక్షించి 2021 జనవరిలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ జ్ఞాపకం 8 నెలల దాకా చాలామందిలో నిలిచే ఉంది. బి కణాలైతే మొదటి నెలలో కంటే ఆరో నెలలో ఎక్కువగా ఉన్నాయి. ఇంకొక విచిత్రం ఉంది. 2003లో సార్స్ అనే వ్యాధి వచ్చి పోయింది గదా, అది కూడా కరోనా కుటుంబమే. దాని నుంచి కోలుకున్నవారిని సింగపూర్‌లో 17 సంవత్సరాల తరువాత పరీక్షిస్తే వారి టి కణాలు ఆ క్రిమిని ఇంకా గుర్తుపట్టాయి.

మరి జ్ఞాపకం అంతకాలం ఉంటే రెండోసారి ఎందుకు వస్తుందని అడుగుతారు. ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదవండి. తట్టు క్రిమి లోపలికి వెళ్ళాక ఒళ్ళంతా పాకి జబ్బుగా బయటపడడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. అన్ని రోజులుంటే ఇంటి దగ్గర పడుకున్న జ్ఞాపక కణాలు లేచి, పెరిగి, క్రిమిని అణచివేయడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. కరోనా అలా కాదు. అది ముక్కులో, గొంతులో దిగిన చోటనే పెరుగుతుంది. ఒమిక్రాన్ రకంలో 3 రోజులకే లక్షణాలు మొదలవుతాయి. జ్ఞాపక కణాలు లేచి వచ్చేసరికే ముక్కు కారుతుంది, గొంతు నొప్పి వస్తుంది, పక్కవారికి అంటుకోవడం కూడా మొదలవుతుంది. కానీ క్రిమి ఊపిరితిత్తులలోకి దిగేలోపు అవి వచ్చి అడ్డుకుంటాయి. ఆ కోడలికి జలుబుతోనే ఎందుకు పోయిందో ఇదే కారణం. ఆమె ఒంట్లో కాపలా పని చేసింది. కానీ ఆ పని లోపలి గది దగ్గర జరిగింది, వాకిట్లో కాదు.

అయితే ఎన్ని నెలలు?

మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే. జవాబు ఒక్కటి కాదు, రెండు. మళ్ళీ సోకకుండా కాపాడే శక్తి ఎన్నాళ్ళు అనేది ఒకటి. సోకినా ప్రాణం మీదికి రాకుండా కాపాడే శక్తి ఎన్నాళ్ళు అనేది రెండోది.

2020లో ఈ విషయం ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేటలో వీధులకు అడ్డంగా కర్రలు కట్టిన రోజుల్లో, ఒకసారి వచ్చి తగ్గినవారిని చూసి "వీరికి ఇక భయం లేదు" అనుకున్నాం. ఆ ఆగస్టులోనే హాంకాంగ్ నుంచి వార్త వచ్చింది. 33 సంవత్సరాల వ్యక్తికి మార్చిలో వచ్చి తగ్గింది, 142 రోజుల తరువాత యూరప్ నుంచి తిరిగి వస్తుంటే విమానాశ్రయ పరీక్షలో మళ్ళీ పాజిటివ్ వచ్చింది. రెండుసార్లూ దొరికిన క్రిముల జన్యువులు వేరు వేరు అని తేలింది కాబట్టి అది పాత జబ్బు మిగులు కాదు. గమనించవలసిన సంగతేమిటంటే, రెండోసారి ఆయనకు ఒక్క లక్షణం కూడా లేదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., ఒక లెక్క పెట్టుకుంది. రెండు పాజిటివ్‌ల మధ్య కనీసం 102 రోజులు ఉండి, మధ్యలో ఒక నెగెటివ్ కూడా వచ్చి ఉంటే దాన్ని రెండోసారి సోకినట్టు భావించారు. ఎందుకంటే తగ్గిపోయిన తరువాత కూడా చచ్చిన క్రిమి ముక్కలు కొన్ని వారాలపాటు ముక్కులో ఉండి ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో కనిపిస్తాయి. "నెగెటివ్ వచ్చింది, పది రోజులకు మళ్ళీ పాజిటివ్ వచ్చింది" అని అప్పట్లో ఏడ్చినవారిలో చాలామంది సంగతి ఇదే. ఆ లెక్క ప్రకారం పరిశీలించిన 1,300 మందిలో 58 మందికి, అంటే నూటికి 4 లేక 5 మందికి రెండోసారి వచ్చినట్టు తేలింది. ఇది ఒమిక్రాన్‌కు ముందు మాట.

2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 19 దేశాల నుంచి 65 పరిశోధనలను కలిపి చూసిన ఫలితాలు వచ్చాయి. ఒమిక్రాన్‌కు ముందు రకాలలో, ఒకసారి వచ్చి తగ్గినవారికి 40 వారాల తరువాత, అంటే సుమారు తొమ్మిది నెలలకు, మళ్ళీ సోకకుండా నూటికి 79 పాళ్ళ రక్షణ ఉంది. ఒమిక్రాన్ వచ్చాక అదే తొమ్మిది నెలలకు ఆ రక్షణ 36 పాళ్ళకు పడిపోయింది. కానీ ప్రమాదకరమైన జబ్బు నుంచి రక్షణ మాత్రం ఒమిక్రాన్‌లో కూడా నూటికి 89 పాళ్ళు ఉంది. ఈ అంకెలను పట్టుకుని నెలలు లెక్కపెట్టుకోవద్దు. ఇవి లక్షలమంది సగటు, మీ ఇంటివారి జాతకం కాదు.

ఒకసారి వచ్చి తగ్గి, టీకా కూడా వేయించుకున్నవారికి రక్షణ ఇంకా గట్టిగా ఉంటుంది. ఆ ఏడాదే వచ్చిన మరొక పరిశీలనలో, ఒమిక్రాన్ కాలంలో అలాంటివారికి 12 నెలల తరువాత కూడా ప్రమాదకరమైన జబ్బు నుంచి నూటికి 97 పాళ్ళ రక్షణ కనిపించింది. వారికి కూడా మళ్ళీ సోకకుండా ఉండే రక్షణ ఏడాదికి 42 పాళ్ళే మిగిలింది.

మన రాష్ట్రంలోనే దీన్ని కళ్ళారా చూశాం. 2021 జూన్, జూలై నెలల్లో ఐ.సి.ఎం.ఆర్. చేసిన నాలుగో రక్త సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 67.6 మందిలో, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. ఇక అయిపోయిందనుకున్నాం. ఆ డిసెంబరులో విజయనగరం జిల్లాలో మన రాష్ట్రపు మొదటి ఒమిక్రాన్ కేసు తేలింది. జనవరికల్లా ఇంటింటా జలుబే. దేశంలో 2021 మే నెలలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు నమోదైనప్పుడు రోజుకు 4 వేలకు పైగా చనిపోయిన రోజులున్నాయి. 2022 జనవరిలో కేసులు రోజుకు 3 లక్షలు దాటినా మరణాలు అప్పటికంటే చాలా తక్కువ. ముక్కు దగ్గర కాపలా ఓడిపోయింది, ఊపిరితిత్తుల దగ్గర కాపలా చాలామందిలో నిలబడింది.

దొంగ మీసం తీసేసి వస్తే

రక్షణ తగ్గడానికి కాలం ఒక్కటే కారణం కాదు. క్రిమి కూడా మారుతుంది. మనిషి నుంచి మనిషికి పోయేటప్పుడు దాని జన్యువులో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. వాటిలో మన యాంటీబాడీల కన్నుగప్పే మార్పు ఉన్నది నిలబడి వ్యాపిస్తుంది. ఒమిక్రాన్‌లో, క్రిమి మన కణానికి అతుక్కునే కొమ్ము భాగం మీద 30కి పైగా మార్పులున్నాయి. పాత ముఖం గుర్తుపెట్టుకున్న యాంటీబాడీలు దాన్ని సరిగా పట్టుకోలేకపోయాయి. టి కణాలు మాత్రం కొమ్మునే కాక క్రిమిలోని అనేక భాగాలను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి అంత సులభంగా మోసపోవు. ఒమిక్రాన్ సంతతి ఆ తరువాత కూడా మారుతూనే ఉంది. 2023 చివర జె.ఎన్.1 అన్నారు, 2025 వేసవిలో మరికొన్ని పేర్లు వినపడ్డాయి. పేరు విన్నప్పుడల్లా భయపడనక్కరలేదు. మీ రోగి ఎలాంటివారో తెలిస్తే చాలు.

పరీక్ష చేయించుకుంటే తెలుస్తుందా?

"యాంటీబాడీ టెస్టులో నాకు 800 వచ్చింది" అని కాగితం తెచ్చి చూపించినవారున్నారు. డబ్బు వృథా అని మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇంత అంకె ఉంటే ఇక రాదు అని చెప్పగల గీత ఇప్పటివరకు ఎవరూ గీయలేదు. ఒక ల్యాబు అంకెకూ ఇంకో ల్యాబు అంకెకూ పొంతన ఉండదు. అంకె తక్కువ వచ్చినంత మాత్రాన రక్షణ లేదనీ కాదు, జ్ఞాపక కణాలు ఆ పరీక్షలో కనపడవు. ఆ డబ్బుతో మంచి మాస్కులు కొనండి, లేదా వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం కొనండి.

అత్తగారికి అంత ఎందుకైంది?

ఇది ఆ కోడలి మొదటి ప్రశ్న. నాకు ముఖ్యమైన ప్రశ్న కూడా ఇదే. పైన చెప్పిన పాళ్ళన్నీ ఎక్కువగా సాధారణ ఆరోగ్యం ఉన్నవారివి. కొందరి ఒంట్లో కాపలాదారులు మొదటి నుంచీ తక్కువే తయారవుతారు, త్వరగా వెళ్ళిపోతారు, కేక వేసినా ఆలస్యంగా లేస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారు, కిడ్నీ మార్పిడి జరిగి మందులు వాడుతున్నవారు, క్యాన్సరుకు కీమో తీసుకుంటున్నవారు, కీళ్ళవాతానికో ఉబ్బసానికో చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు, హెచ్.ఐ.వి.కి మందులు సరిగా వాడనివారు ఈ జాబితాలోకి వస్తారు. 60 దాటినవారికి, షుగరు అదుపులో లేనివారికి కూడా ప్రమాదం ఎక్కువ. అలాంటివారికి ఒకసారి వచ్చి తగ్గినా, టీకా వేయించినా, "ఇక ఫరవాలేదు" అని చెప్పలేం. మీ ఒంట్లో ఉన్న రక్షణ వారి ఒంట్లోకి రాదు. మీ ముక్కులో ఉన్న క్రిమి మాత్రం వస్తుంది.

మా వార్డులో అంతగా జబ్బు లేని మనిషి ఎవరూ ఉండరు. అందుకే మిమ్మల్ని విసిగిస్తాం.

ఇప్పుడు మీరు చేయవలసినవి

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. క్రిమి మాత్రం ఎక్కడికీ పోలేదు. జలుబు, దగ్గు, జ్వరం, గొంతు నొప్పి, వీటిలో ఏది ఉన్నా, ఎంత చిన్నదైనా, రోగి పక్కన కూర్చోవద్దు. అది కరోనా కాక ఫ్లూ అయినా సరే, మంచం మీద ఉన్న మనిషికి రెండూ మంచివి కావు. ఇంట్లో ఇంకొకరిని పంపండి. కనీసం ఒక వారం ఆగి, జ్వరం, దగ్గు పోయాక రండి. ఎవరూ లేరు, మీరే రావాలి అనుకుంటే ముందుగా డ్యూటీ సిస్టర్‌కు చెప్పండి. మంచి ఎన్-95 మాస్కు ముక్కు మీదికి లాగి పెట్టుకోండి, గడ్డం కిందికి కాదు. కిటికీ మూయొద్దు, దోమలకైతే తెర కట్టుకుందాం. ఒక మంచం చుట్టూ అయిదుగురు కూర్చోవద్దు. పరామర్శకు వచ్చినవారు బయట వరండాలో పలకరించి వెళ్ళినా ఎవరూ తప్పు పట్టరు.

డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళాక రోగికి జ్వరం, దగ్గు వస్తే "ఇదివరకు వచ్చింది గదా, ఇది అది కాదులే" అనుకుని మెడికల్ షాపు మందులతో నాలుగు రోజులు గడపవద్దు. పైన చెప్పిన జబ్బులున్నవారికి మొదటి రెండు మూడు రోజుల్లో పరీక్ష చేయిస్తేనే మందులు బాగా ఉపయోగపడతాయి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, మత్తుగా ఉండి సరిగా పలకకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా తీసుకురండి. టీకా శిబిరాలు 2021లో లాగా ఇప్పుడు ఊరూరా లేవు. మీ రోగికి మళ్ళీ డోసు అవసరమా అన్నది, వాడుతున్న మందుల చీటీ చూపించి, వైద్యం చేసే డాక్టరుగారినే అడగండి.

జలుబు ఉందని చెప్తే పంపించేస్తారేమోనని కొందరు దాచిపెడతారు. దాచొద్దు. మిమ్మల్ని తప్పు పట్టం, భోజనానికి ఇబ్బంది కాకుండా చూస్తాం. గేటు దగ్గర క్యారేజీ ఇస్తే మంచం దగ్గరికి చేర్చే మనిషి ఉన్నాడు. ఆ కోడలు ఇప్పటికీ అత్తగారిని డయాలసిస్‌కు తీసుకువస్తూనే ఉంది. పోయిన నెలలో ఒక రోజు గేటు బయటే ఆగి నాకు ఫోను చేసింది. "గొంతు గరగరగా ఉంది సిస్టర్ గారూ, ఇవాళ ఆయన్ని లోపలికి పంపిస్తున్నా, క్యారేజీలో పెరుగన్నం వేరేగా పెట్టాను, అత్తమ్మకు చెప్పండి" అంది.